మెంటార్‌ని ఎంచుకునే ముందు, ఎంచుకునేటప్పుడు, వదిలేసేటప్పుడు

నేను మొదటిసారి మెంటార్‌ కోసం వెతికినప్పుడు చేసిన పనేంటంటే, నాకు తెలిసినవాళ్ళలో అందరికంటే పెద్ద హోదాలో ఎవరున్నారో చూసి ఆయన్ని పట్టుకోవడం. ఆయన కూడా కాదనలేదు. ఏడాది పాటు నెలకోసారి కలిశాం. ప్రతిసారీ ఆయన తన కథ చెప్పేవారు, నేను తలూపేవాణ్ణి, బయటికొచ్చాక నోట్‌బుక్ తీసి చూసుకుంటే "ఓపిక ఉండాలి", "నేర్చుకుంటూ ఉండాలి" లాంటివి తప్ప ఇంకేమీ ఉండేవి కావు. తప్పు ఆయనది కాదు. నేను ఏం అడగడానికి వెళ్ళానో నాకే తెలియనప్పుడు ఆయనకెలా తెలుస్తుంది?

అందుకే ఇక్కడ వరస తిరగేసి చెప్తున్నాను. ప్రశ్న ముందు, మనిషి తర్వాత.

ముందు ఒక కాగితం తీసుకోండి

"ఎదగాలి" అనేది ప్రశ్న కాదు, కోరిక. దాన్ని పట్టుకుని ఎవరి దగ్గరికి వెళ్ళినా కోరికలాంటి జవాబే వస్తుంది. ఇప్పుడు మీరు ఎక్కడ ఇరుక్కుపోయారో, వచ్చే ఆరు నెలల్లో ఏది తేలకపోతే మీకు నిద్ర పట్టదో, అది ఒక్క వాక్యంలో రాయండి. ఉదాహరణకి ఇలా: "పని బాగానే చేస్తాను గానీ మీటింగ్‌లో పదిమంది ముందు చెప్పాలంటే గొంతు తడారిపోతుంది." లేకపోతే, "ఇప్పుడు చేస్తున్న పనిలోనే లోతుకి వెళ్ళాలా, మేనేజర్‌గా మారాలా తేల్చుకోలేకపోతున్నాను." లేదా, "సొంతంగా మొదలుపెడదామనుకుంటున్నాను, మొదటి కస్టమర్ ఎక్కడినుంచి వస్తాడో అర్థం కావడం లేదు."

ఈ మూడింటికీ మూడు రకాల మనుషులు కావాలి. మొదటిదానికి అసలు మెంటారే అక్కర్లేదు, దగ్గర కూర్చుని పదిసార్లు మాట్లాడించి తప్పులు దిద్దే కోచ్ చాలు. రెండోదానికి ఆ రెండు దారుల్లోనూ కొంతకాలం నడిచినవాళ్ళు కావాలి. మూడోదానికి ఈమధ్యే మొదలుపెట్టి, ఇంకా దెబ్బల నొప్పి మర్చిపోనివాళ్ళు కావాలి. ఇంకొక రకం కూడా ఉంది, మీరు లేని గదిలో మీ పేరు ఎత్తి "ఈ పని తనకివ్వండి" అనేవాళ్ళు. వాళ్ళని స్పాన్సర్ అంటారు. చాలామంది మెంటార్ కావాలి అంటారు గానీ మనసులో కోరుకునేది స్పాన్సర్‌నే. అదేం తప్పు కాదు, కానీ సలహా అడిగి సిఫారసు కోసం ఎదురుచూస్తే ఇద్దరికీ ఇబ్బంది. సలహాకి పరిచయం చాలు, సిఫారసు చేసేవాళ్ళు మాత్రం తమ పరువు పణంగా పెడతారు కాబట్టి ముందు మీ పని చూసి ఉండాలి.

వ్యక్తిగత విషయాలకీ ఇదే వర్తిస్తుంది. కోపం తగ్గించుకోవడం, వేళకి పని పూర్తిచేయడం, కాదని చెప్పడం నేర్చుకోవడం, ఇలాంటివాటికి ఆ లోపంతో తానూ పెనుగులాడి కొంత గెలిచిన మనిషి బాగా పనికొస్తారు. పుట్టుకతోనే శాంతమూర్తి అయినవాళ్ళు కోపం గురించి ఏం చెప్పగలరు? అయితే వారాల తరబడి నిద్ర లేకపోవడం, దేనిమీదా మనసు నిలవకపోవడం, బతకాలనిపించకపోవడం లాంటివి ఉంటే మెంటార్ దగ్గరికి కాదు, డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. ఆ రెండూ కలపకండి.

ఎంత దూరంలో ఉన్నవాళ్ళు కావాలి?

దూరపు కొండలు నునుపు అని ఊరికే అనలేదు. బాగా పైన ఉన్నవాళ్ళని చూసి మనం మురిసిపోతాం, కానీ వాళ్ళు మనకి చెప్పలేకపోవడానికి ఒక కారణముంది. 1990లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో ఎలిజబెత్ న్యూటన్ అనే పరిశోధక విద్యార్థిని ఒక ప్రయోగం చేసింది. కొంతమందిని అందరికీ తెలిసిన పాటల దరువుని టేబుల్ మీద వేళ్ళతో కొట్టమంది, ఎదురుగా కూర్చున్నవాళ్ళు అదేం పాటో చెప్పాలి. సగం పాటలైనా గుర్తుపడతారని కొట్టినవాళ్ళు అంచనా వేశారు. తీరా చూస్తే 120 పాటల్లో గుర్తుపట్టింది 3. కొట్టేవాళ్ళకి తలలో పాటంతా వినబడుతూ ఉంటుంది, వినేవాళ్ళకి చేరేది టకటకలే.

ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్న సీనియర్ "క్లయింట్‌ని ముందే సెట్ చేసుకోవాలమ్మా" అన్నప్పుడు జరిగేది అచ్చంగా ఇదే. ఆయన తలలో ఆ సెట్ చేసుకోవడం తాలూకు వంద చిన్న పనులున్నాయి, మనకి వినబడింది ఒక్క టక్.

కాబట్టి "ఎలా చేయాలి" అనే ప్రశ్నకి మీకంటే రెండు మూడేళ్ళు, మహా అయితే ఐదేళ్ళు ముందున్నవాళ్ళని వెతకండి. ఏ మెట్టు మీద కాలు జారిందో వాళ్ళకి ఇంకా గుర్తుంటుంది. "అసలు ఇటు వెళ్ళాలా వద్దా" అనే ప్రశ్నకి మాత్రం చాలా దూరం వెళ్ళినవాళ్ళే మేలు, ఎందుకంటే ఆ దారి చివర ఏముందో వాళ్ళే చూశారు. మొదట్లో చెప్పానే, ఆ పెద్దాయన, ఆయనకి నాలుగేళ్ళ తర్వాత మళ్ళీ ఫోన్ చేశాను, ఈసారి రెండో రకం ప్రశ్నతో. పదిహేను నిమిషాల్లో తేల్చేశారు.

వయసు చూడకండి. 1999లో జనరల్ ఎలక్ట్రిక్ అధిపతి జాక్ వెల్చ్ తన కింది 500 మంది పెద్ద అధికారుల్ని ఇంటర్నెట్ నేర్చుకోవడానికి కుర్ర ఉద్యోగుల దగ్గర కూర్చోబెట్టాడు, తనూ కూర్చున్నాడు. మనకి ఇరవై నాలుగేళ్ళ పిల్లని "నాకు ఇది నేర్పుతావా" అని అడగడానికి మొహమాటం. నేర్చుకోవాల్సిన విషయం అక్కడుంటే అక్కడికే వెళ్ళాలి మరి.

ఇప్పుడు ఆ కాగితం మీద, ప్రశ్న కింద, ఆరేడు పేర్లు రాయండి. దగ్గరి స్నేహితులతో మొదలుపెట్టొద్దు, వాళ్ళకి తెలిసింది చాలావరకు మీకూ తెలిసే ఉంటుంది. 1973లో మార్క్ గ్రానొవెటర్ అనే సోషియాలజిస్ట్ రాసిన విషయం ఒకటుంది: పరిచయాల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్ళని అడిగితే, ఎక్కువమందికి ఆ కబురు తెచ్చింది రోజూ కలిసేవాళ్ళు కాదు, ఎప్పుడో ఒకసారి కలిసేవాళ్ళు. మెంటార్ల విషయంలోనూ నేను చూసింది అంతే. పాత ఆఫీసులో పక్క టీమ్ ఆమె, కాలేజీలో రెండేళ్ళ సీనియర్, ఒకే ఒక్కసారి కలిసినా మీరు అడిగిన ప్రశ్నకి సూటిగా జవాబు చెప్పినాయన, మాజీ బాస్. ఇలాంటి పేర్లు రాయండి.

మీ బాస్ మెంటార్ కావచ్చా?

కొంతవరకు. రోజువారీ పనిలో బాస్ కంటే మంచి గురువు దొరకరు, ఎందుకంటే మీ పనిని కళ్ళారా చూసేది ఆయనే లేదా ఆమే. కానీ మీ ప్రశ్న "ఈ ఉద్యోగం మానేయాలా" అయితే? లేదా "ఈ పనిలో నేను బలహీనం" అని ఒప్పుకోవాల్సి వస్తే? మీ జీతం పెంపు, మీ రేటింగ్ వాళ్ళ చేతిలో ఉన్నాయి. ఎంత మంచివాళ్ళైనా వాళ్ళ టీమ్ ఖాళీ అవ్వడం వాళ్ళకి నష్టమే.

ఏకలవ్యుడి కథ మనందరికీ తెలుసు, అందరూ బొటనవేలు దగ్గరే ఆగిపోతారు. నాకు ఎప్పుడూ తట్టేది వేరే సంగతి. ద్రోణుడు అప్పటికే అర్జునుడికి మాటిచ్చేశాడు, నిన్ను మించిన విలుకాడు ఉండడని. ఇంకొకరికి అలా మాటిచ్చేసిన మనిషి ఏకలవ్యుడికి ఏం న్యాయం చేస్తాడు? మీ మెంటార్ మంచివాడా చెడ్డవాడా అని అడిగే ముందు, మీరు బాగుపడితే ఆయనకేమైనా పోతుందా అని అడగండి. పోయేది ఏమైనా ఉంటే ఆ విషయం వరకు ఇంకొకరిని చూసుకోండి.

పేరు పక్కన ఏం రాయాలి

ఈ పని ఎవరూ చేయరు, అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చేది ఇదే. ఆ ఆరేడు పేర్లలో ఒక్కొక్కరి గురించి, వాళ్ళ దగ్గర గతంలో పనిచేసినవాళ్ళని ఒకరిద్దరిని వెతికి మాట్లాడండి. ఇప్పుడు పనిచేస్తున్నవాళ్ళని కాదు, వాళ్ళు నిజం చెప్పలేరు. "ఆయన మంచివారేనా" అని అడిగితే "చాలా మంచివారు" అనే వస్తుంది, మన మర్యాద అలాంటిది. దానికి బదులు ఇలా అడగండి: "ఆయన ఇచ్చిన సలహా మీరు పాటించకపోతే ఏం జరిగింది?"

ఈ ఒక్క ప్రశ్నకి వచ్చే జవాబులో మనిషి మొత్తం కనబడతాడు. "ఏం జరగలేదండీ, నవ్వి ఊరుకున్నారు, ఆర్నెల్ల తర్వాత నువ్వే కరెక్ట్ అన్నారు కూడా" అంటే ఆ పేరు కింద గీత గీయండి. అవతలివాళ్ళు ఒక క్షణం ఆగి, "పాటించకపోవడమా..." అని నసిగితే కొట్టేయండి. చెప్పేవాడికి వినేవాడు లోకువ అన్న సామెత నిజమయ్యే మనుషులు చాలామందే ఉన్నారు, వాళ్ళకి శిష్యుడు కావాలి, మీ ఎదుగుదల కాదు.

ఇంకో రెండు విషయాలు చూడండి. వాళ్ళ చేతి కింద నుంచి వెళ్ళినవాళ్ళు ఇప్పుడు ఎక్కడున్నారు? అందరూ రకరకాల చోట్ల, రకరకాల పనుల్లో స్థిరపడి ఉంటే మంచి గుర్తు. అందరూ ఇంకా వాళ్ళ చుట్టూనే తిరుగుతుంటే ఆలోచించుకోండి. రెండోది, వాళ్ళు తమ తప్పుల గురించి మాట్లాడేటప్పుడు ఎలా మాట్లాడతారు. "నా తప్పేంటంటే నేను అందరినీ నమ్మేస్తాను" అనేది తప్పు ఒప్పుకోవడం కాదు, పొగుడుకోవడం. "ఫలానా మనిషిని తీసేయడం నా పొరపాటు, దానికి కారణం నేను భయపడడం" లాంటి మాట వినబడితే ఆ మనిషి దగ్గర నేర్చుకోవడానికి చాలా ఉంటుంది.

ఎలా అడగాలి

"మీరు నాకు మెంటార్‌గా ఉంటారా?" అని అడగొద్దు. అవతలివాళ్ళకి అది ఎంత టైమ్ తినే పనో, ఎప్పటికి తెములుతుందో తెలియదు కాబట్టి భయపడతారు, లేదా మొహమాటానికి సరే అని తర్వాత ముఖం చాటేస్తారు. రెండోదే ఎక్కువ.

తర్వాత పెద్ద శాస్త్రవేత్త అయిన మైకేల్ ఫారడే ఎలా అడిగాడో చూడండి. బైండింగ్ షాపులో పనిచేసే కుర్రాడు, పెద్ద చదువు లేదు. 1812లో షాపుకొచ్చే ఒక కస్టమర్ టికెట్లు ఇస్తే లండన్‌లో పేరున్న రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు నాలుగు విన్నాడు. విన్నవాటిని బొమ్మలతో సహా దాదాపు 300 పేజీలు రాసి, చేతనైన విద్య కదా, తనే బైండ్ చేసి, ఒక ఉత్తరంతో డేవీకి పంపాడు. డేవీ పిలిచి మాట్లాడాడు, ఉద్యోగం మాత్రం లేదన్నాడు, ప్రస్తుతానికి బైండింగే చేసుకోమన్నాడు. కొన్ని నెలలకి ల్యాబ్‌లో ఒక సహాయకుణ్ణి గొడవపడ్డందుకు తీసేస్తే, డేవీకి గుర్తొచ్చింది ఆ పుస్తకం పంపిన కుర్రాడే. 1813 మార్చిలో ఫారడే అక్కడ చేరాడు.

ఇందులో మనం పట్టుకోవాల్సింది 300 పేజీలు కాదు. "నాకు నేర్పండి" అనకుండా, "మీరు చెప్పింది ఇంతవరకు నేర్చుకున్నాను, చూడండి" అన్నాడు. ఇప్పటి లెక్కలో అది నాలుగు లైన్ల మెసేజ్:

"నమస్తే అండీ. మీటింగ్‌లో పెద్ద అజెండా పెట్టొద్దని మీరు ఆరోజు చెప్పిన మాట మా టీమ్‌లో నెల రోజులుగా పాటిస్తున్నాను. మీటింగ్‌లు గంట నుంచి అరగంటకి తగ్గాయి, కానీ నిర్ణయాలు ఇంకా వాయిదా పడుతున్నాయి. మీకూ ఇలా అయ్యిందా? వచ్చే రెండు వారాల్లో ఎప్పుడైనా ఇరవై నిమిషాలు ఫోన్‌లో మాట్లాడగలరా? కుదరకపోతే ఒక లైన్‌లో జవాబిచ్చినా చాలు."

ఏం చేశారో ఉంది, ఎక్కడ ఆగారో ఉంది, ఎంత టైమ్ కావాలో ఉంది, కాదనడానికి దారి కూడా ఉంది. జవాబు రాకపోతే పది రోజులాగి ఒక్కసారి గుర్తుచేయండి, అప్పటికీ రాకపోతే జాబితాలో తర్వాతి పేరుకి వెళ్ళండి. బాధపడక్కర్లేదు. శ్రీనివాస రామానుజన్ 1913లో కేంబ్రిడ్జ్ గణిత శాస్త్రవేత్త హార్డీకి ఉత్తరం రాయడానికి ముందు ఇంకో ఇద్దరు పేరున్న గణిత శాస్త్రవేత్తలకి రాస్తే పని జరగలేదు. అడగందే అమ్మైనా పెట్టదంటారు, నిజమే గానీ, ఒక్కోసారి మూడో ఇంటి తలుపు కూడా తట్టాలి.

మొదటి మూడుసార్లు

మూడుసార్లు మాట్లాడేదాకా ఏమీ తేల్చుకోకండి, మనసులో కూడా.

మొదటిసారి మాట్లాడేటప్పుడు ఒకటే గమనించండి: జవాబు చెప్పేముందు ఆ మనిషి మిమ్మల్ని ఎన్ని ప్రశ్నలు అడిగారు? మీ సంగతేంటో తెలుసుకోకుండానే "నువ్వు చేయాల్సిందల్లా..." అని మొదలుపెట్టేవాళ్ళు తమ జీవితానికి జవాబు చెప్తున్నారు, మీ జీవితానికి కాదు. "అది నాకు తెలియదు, ఫలానా ఆవిడని అడుగు" అనే మాట వింటే మాత్రం నాకైతే సగం నమ్మకం అక్కడే కుదిరిపోతుంది. మీరు కూడా ఒక ప్రశ్న వేయండి, "మీలాగే చేసి దెబ్బతిన్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా, వాళ్ళకి ఎందుకు కుదరలేదు?" అని. గెలిచినవాళ్ళు తాము చేసిన ప్రతిదీ గెలుపుకి కారణమే అనుకుంటారు. ఈ ప్రశ్నతో వాళ్ళు ఒక్క క్షణం ఆగి అదృష్టం పాలెంతో, కష్టం పాలెంతో లెక్కవేసుకుంటే ఆ తర్వాత చెప్పే సలహాకి విలువ పెరుగుతుంది.

ఆ తర్వాత పని మీది. చెప్పినవాటిలో ఒక్కటైనా చేసి, రెండు మూడు వారాల్లో ఫలితం రాసి పంపండి. ఫలితం బాగాలేకపోయినా పంపండి, "మీరు చెప్పినట్టు చేశాను, బెడిసికొట్టింది, ఇక్కడ" అని. సలహా తీసుకుని మాయమయ్యేవాళ్ళే ఎక్కువ కాబట్టి తిరిగొచ్చి చెప్పినవాళ్ళు గుర్తుండిపోతారు. నిజానికి చాలా బంధాలు మొదలయ్యేది మొదటి కాల్‌తో కాదు, ఈ రెండో మెసేజ్‌తోనే. బెడిసికొట్టిందని చెప్పినప్పుడు వాళ్ళు ఎలా తీసుకున్నారో కూడా చూడండి. "నువ్వు సరిగ్గా చేసుండవు" అన్నారా, "అలాగా, ఏం జరిగిందో చెప్పు" అన్నారా?

మూడోసారి అయ్యాక ఒంటరిగా కూర్చుని ఆలోచించండి. మాట్లాడి వచ్చాక మీకు పని చేయాలనిపిస్తోందా, లేక ఆ మనిషి ఎంత గొప్పవాడో అనిపిస్తోందా? రెండోదే అనిపిస్తుంటే అది అభిమానం, దానికి మీటింగ్‌లు అక్కర్లేదు. ప్రతిసారీ మిమ్మల్ని మీరు తక్కువ చేసుకుంటూ బయటికొస్తుంటే కూడా ఆపేయండి. కటువుగా చెప్పడం వేరు, చులకన చేయడం వేరు. కటువైన మాట మీ పని గురించి ఉంటుంది, చులకన మీ గురించి ఉంటుంది. కుదిరింది అనిపిస్తే అప్పుడు అడగండి, "నెలకి ఒకసారి అరగంట, ఒక ఆరు నెలలు మాట్లాడుకుందామా" అని. గడువు పెట్టడం మర్యాద తక్కువ కాదు, ఇద్దరికీ ఊపిరి.

డబ్బు, ఇంకొన్ని ప్రమాదాలు

ఫీజు తీసుకునే మెంటార్లు ఉన్నారు, అది తప్పేమీ కాదు, వాళ్ళ టైమ్‌కి ధర కట్టారు అంతే. కాకపోతే డబ్బు కట్టే ముందు, ఆ మనిషి సంపాదన ఆ పని చేయడం వల్ల వచ్చిందా, ఆ పని నేర్పుతానని చెప్పడం వల్ల వచ్చిందా చూసుకోండి. ఫలితానికి గ్యారంటీ ఇచ్చేవాళ్ళని, "ఈరోజే కట్టాలి" అని తొందరపెట్టేవాళ్ళని, సక్సెస్ కథలు చూపించి ఆ మనుషులతో నేరుగా మాట్లాడనివ్వనివాళ్ళని వదిలేయండి.

డబ్బు తీసుకోనివాళ్ళ దగ్గర కూడా కొన్ని గమనించాలి. మన మాటలు ఇంట్లోవాళ్ళకి చెప్పొద్దు అనడం, ఇంకెవరి సలహా తీసుకున్నా అలగడం, వాళ్ళ సొంత పనులు ఊరికే చేయించుకోవడం, పనితో సంబంధం లేని వేళల్లో, పనితో సంబంధం లేని మెసేజ్‌లు పంపడం. వీటిలో ఒక్కటి కనబడినా ఇంకో ఛాన్స్ ఇవ్వడం గురించి ఆలోచించకండి. మొహమాటం మనల్ని చాలా చోట్ల కాపాడుతుంది, ఇక్కడ మాత్రం ముంచుతుంది.

వదిలేయాల్సి వస్తే

ఫారడే కథలో చాలామంది చెప్పని సగం ఇది. శిష్యుడు ఎదిగాడు. అతన్ని లండన్‌లోని శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీకి ఎన్నుకునే మాట వచ్చినప్పుడు, అప్పటి అధ్యక్షుడైన డేవీ అడ్డుపడ్డాడు. అయినా 1824లో ఫారడే ఎన్నికయ్యాడు. పదకొండేళ్ళ క్రితం తలుపు తీసిన మనిషే ఈసారి తలుపు దగ్గర నిలబడ్డాడు. డేవీ వల్లే ఫారడే ల్యాబ్‌లో అడుగుపెట్టాడన్నదీ నిజమే, ఇదీ నిజమే.

మీ విషయంలో ఇంతదాకా రాకపోవచ్చు గానీ, ఒక రోజు మీ ప్రశ్నలకి ఆ మనిషి దగ్గర జవాబులు అయిపోతాయి, లేదా మీరు ముందే ఊహించిన జవాబే వస్తుంటుంది. అప్పుడు కలుసుకోవడం అలవాటు మీద సాగుతుంది, ఎవరూ ఆపరు. మీరే ఆపండి. ఫోన్ ఎత్తడం మానేయడం, బిజీ అని తప్పించుకోవడం వద్దు. పెట్టుకున్న గడువు అయిపోయినప్పుడు ఇలా చెప్పొచ్చు: "మీతో మొదలుపెట్టినప్పుడు నా సమస్య ఫలానా, ఇప్పుడు అది తేలింది, ముఖ్యంగా మీరు మార్చిలో చెప్పిన ఆ ఒక్క మాట వల్ల. ఇక నెల నెలా మీ టైమ్ తీసుకోను, కానీ ఏదైనా పెద్ద మలుపు వస్తే ఫోన్ చేయొచ్చా?" ఏ మాట, ఏ నెలలో, అది తప్పకుండా రాయండి. "మీ వల్లే నేనిలా ఉన్నాను" అనేది అందరూ రాస్తారు, ఎవరూ దాచుకోరు.

ఆ తర్వాత ఏడాదికి ఒకటి రెండుసార్లు, అవసరం లేనప్పుడే, మీ సంగతులు రెండు లైన్లు పంపుతుండండి. అవసరం వచ్చినప్పుడు మాత్రమే గుర్తొస్తే వాళ్ళకి ఇట్టే తెలిసిపోతుంది.